ఫ్రాంక్ హార్న్‌బీ

ఫ్రాంక్ హార్న్‌బీ (మే 15, 1863 – సెప్టెంబర్ 21, 1936) ఇంగ్లాండుకు చెందిన ప్రసిద్ధ ఆవిష్కర్త, వ్యాపారవేత్త మరియు రాజకీయ నాయకుడు. మెకానో అనే లోహపు నిర్మాణ బొమ్మ, హార్న్‌బీ బొమ్మ రైళ్ళు, డింకీ టాయ్స్ అనే చిన్న బొమ్మ కార్లు ఈయన సంస్థ నుండి వెలువడినవే. ఈయన ఇంజనీరింగు చదువుకోలేదు. నలభై ఏళ్ళు దాటేవరకు లెక్కలు వ్రాసే గుమాస్తాగా పనిచేశాడు. అయినప్పటికీ, కొన్ని రకాల ప్రామాణిక భాగాలతో చిన్నగా మొదలుపెట్టి, వీలునుబట్టి ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయే పద్ధతిని పిల్లల ఆటలోకి తెచ్చాడు. సంపన్నుల ఇళ్ళకు పరిమితమైన బొమ్మ రైలు సామాన్య కుటుంబాల అభిరుచిగా మారడానికి ఈ పద్ధతి ముఖ్య కారణమైంది.

బాల్యము, విద్యాభ్యాసము

హార్న్‌బీ ఇంగ్లాండు వాయువ్య తీరంలోని లివర్‌పూల్ నగరంలో, కాపరాస్ హిల్ అనే వీధిలో జన్మించాడు. తండ్రి జాన్ ఆస్వాల్డ్ హార్న్‌బీ ఆహార సరకుల వ్యాపారి. తల్లి పేరు మార్తా. ప్రపంచంలో ఆవిరి ఇంజనుతో నడిచిన తొలి నగరాంతర ప్రయాణికుల రైలుమార్గాలలో ఒకటైన లివర్‌పూల్–మాంచెస్టర్ మార్గం 1830లోనే మొదలయింది. అందువలన ఓడరేవు, రైళ్ళు, సరకులెత్తే క్రేన్లు ఈయనకు చిన్ననాటి నుండి నిత్యం కనబడే దృశ్యాలు.

బడి చదువుపై ఈయనకు పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. శామ్యూల్ స్మైల్స్ వ్రాసిన 'సెల్ఫ్ హెల్ప్' అనే పుస్తకంలోని ఆవిష్కర్తల జీవితకథలు మాత్రం ఈయనను బాగా ఆకట్టుకున్నాయి. ఆ ప్రభావంతో ఆగకుండా తిరిగే యంత్రాన్ని తయారు చేయాలని కూడా ప్రయత్నించాడు. అటువంటి యంత్రం భౌతికశాస్త్ర నియమాల ప్రకారం అసాధ్యం కనుక ఆ ప్రయత్నం ఫలించలేదు. పదహారవ ఏట చదువు మాని తండ్రి వ్యాపారంలో నగదు గుమాస్తాగా చేరాడు.

వివాహము, ఉద్యోగము

1887 జనవరిలో ఉపాధ్యాయురాలైన ఎమ్మా వాకర్ గాడ్‌ఫ్రాయ్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి రోలాండ్, డగ్లస్ అనే ఇద్దరు కుమారులు, పాట్రీషియా అనే కుమార్తె కలిగారు. 1899లో తండ్రి మరణించడంతో కుటుంబ వ్యాపారం మూతబడింది. అప్పుడు హార్న్‌బీ డేవిడ్ హ్యూ ఎలియట్ అనే మాంసం దిగుమతి వ్యాపారి వద్ద లెక్కల గుమాస్తాగా చేరాడు. ఈ ఎలియట్ తరువాతి కాలంలో ఈయన ఆవిష్కరణకు తొలి పెట్టుబడిదారు అయ్యాడు.

మెకానో ఆవిర్భావము

హార్న్‌బీ సెలవు సమయాలలో తన కుమారుల కోసం ఇంటిలోని చిన్న పనిశాలలో రేకుముక్కలతో వంతెనలు, క్రేన్లు, బండ్లు తయారు చేసేవాడు. ప్రతి కొత్త బొమ్మకూ కొత్తగా రేకు కత్తిరించి, రంధ్రాలు పొడిచి, భాగాలు సిద్ధం చేయవలసి వచ్చేది. ఒక బొమ్మ కోసం చేసిన భాగం మరొక బొమ్మకు పనికివచ్చేది కాదు. ఆ రోజుల్లో దొరికే సాధనాలు కూడా ఈ పనికి చాలేవి కావు.

తరువాతి కాలంలో ఈయన స్వయంగా చెప్పుకున్న ప్రకారం, క్రిస్మస్ ముందురోజు రైలులో ప్రయాణిస్తూ పట్టాల ప్రక్కనున్న ఒక చిన్న క్రేనును చూసినప్పుడు ఈ సమస్యకు పరిష్కారం తట్టింది. బొమ్మకొక భాగం చేయడానికి బదులు, ఏ బొమ్మకైనా సరిపోయే భాగాలు ముందే చేసి ఉంచుకోవాలన్నదే ఆ ఆలోచన. ఇందుకోసం అర అంగుళం (12.7 మి.మీ.) వెడల్పుగల లోహపు పట్టీలను తీసుకుని, వాటి పొడవునా సరిగ్గా అర అంగుళానికొకటి చొప్పున రంధ్రాలు చేశాడు. రంధ్రాల మధ్య దూరం అన్నిటికీ ఒకటే కావడం వలన ఏ పట్టీనైనా మరొక పట్టీతో నట్టు, బోల్టు వేసి బిగించవచ్చు. అవే రంధ్రాలలో ఇరుసులు దూర్చి చక్రాలు తిప్పవచ్చు. ఆట ముగిసిన తరువాత విప్పి, అవే ముక్కలతో మరొకటి కట్టవచ్చు. తొలి భాగాలను రాగి రేకు నుండి చేతితో కత్తిరించి తయారు చేశాడు.

1901 జనవరిలో ఈ ఆవిష్కరణకు పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. అందుకు కావలసిన అయిదు పౌండ్లు కూడా చేతిలో లేకపోవడంతో యజమాని ఎలియట్ వద్ద అప్పు తీసుకున్నాడు. అదే సంవత్సరంలో పేటెంటు లభించింది. అనేక తయారీదారులను కలిసినా ఎవరూ ఆసక్తి చూపలేదు. చేతితో చేసిన ఆ నమూనా భాగాలు చూడడానికి మోటుగా ఉండడం అందుకు ఒక కారణం. చివరకు ఎలియట్ భాగస్వామిగా చేరి, తన కార్యాలయం ప్రక్కనే స్థలం సమకూర్చాడు. హార్న్‌బీ ఉద్యోగం మానకుండానే తీరిక సమయంలో ఈ పని సాగించాడు.

1902లో 'మెకానిక్స్ మేడ్ ఈజీ' అనే పేరుతో తొలి పెట్టెలు అమ్మకానికి వచ్చాయి. లివర్‌పూల్‌లో ఇంజనీరింగు ఆచార్యుడైన హెన్రీ సెల్బీ హీలీ-షా ఈ బొమ్మ ద్వారా యంత్రశాస్త్ర సూత్రాలు సులభంగా బోధపడతాయని ప్రశంసిస్తూ లేఖ వ్రాశాడు. చదువు చెప్పే బొమ్మగా దీనికి పేరు రావడానికి ఆ లేఖ తోడ్పడింది. వ్యాపారం లాభం చూడడానికి 1906 వరకు ఆగవలసి వచ్చింది.

1907లో 'మెకానో' అనే పేరును నమోదు చేయించాడు. 1908లో మెకానో లిమిటెడ్ సంస్థ ఏర్పడింది. ఎలియట్ కొత్త సంస్థలో కొనసాగకపోవడంతో పూర్తి బాధ్యత హార్న్‌బీపైనే పడింది. గుమాస్తా ఉద్యోగం వదలి పూర్తికాలం బొమ్మల తయారీకి దిగినప్పటికి ఈయన వయసు నలభై దాటింది. 1914లో లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో పెద్ద కర్మాగారం ప్రారంభమైంది. తరువాత ఆరు దశాబ్దాలకు పైగా అదే సంస్థకు కేంద్రంగా ఉన్నది.

చిన్నగా ప్రారంభించే పద్ధతి

మెకానో పెట్టెలకు అంకెలు ఉండేవి. అంకె పెరిగిన కొద్దీ పెట్టెలో భాగాలు, వెల పెరిగేవి. చిన్న పెట్టె కొన్నవారు పెద్ద పెట్టె కోసం మొత్తం సొమ్ము మళ్ళీ చెల్లించనవసరం లేదు. రెండింటి మధ్య తేడాకు సరిపోయే భాగాలున్న అనుబంధ పెట్టె కొంటే చాలు, చిన్న పెట్టె పెద్ద పెట్టెగా మారుతుంది. విడి భాగాలు కూడా దుకాణాలలో దొరికేవి. పాత భాగాలు కొత్త వాటితో కలిసే విధంగా కొలతలు మారకుండా ఉంచారు.

ఈ ఏర్పాటు వ్యాపారానికి లాభకరమైనది. ఒకసారి కొన్న పిల్లవాడు మళ్ళీ మళ్ళీ దుకాణానికి వస్తాడు. అయితే కొద్దిపాటి ఆదాయమున్న కుటుంబానికి కూడా ఇది మేలు చేసింది. పుట్టినరోజుకు ఒకటి, పండుగకు ఒకటి చొప్పున కొనుక్కుంటూ కొన్ని సంవత్సరాలలో మంచి సేకరణ ఏర్పరచుకోగలిగేవారు. హార్న్‌బీ తరువాత ఇదే పద్ధతిని రైళ్ళకు వర్తింపజేశాడు.

1916లో మెకానో మ్యాగజైన్ అనే పత్రిక మొదలయింది. 1919లో పిల్లల క్లబ్బులను ఒకచోట చేర్చే మెకానో గిల్డ్ ఏర్పడింది. వీటి వలన ఒంటరిగా ఆడుకునే పిల్లలకు తమవంటివారితో పరిచయం, కొత్త నమూనాల వివరాలు లభించాయి. సంస్థ ప్రకటనలు, పత్రిక చాలావరకు మగపిల్లలనే ఉద్దేశించి ఉండేవి. ఆడపిల్లలకు యంత్రాలపై ఆసక్తి ఉండదనే నాటి సమాజపు అభిప్రాయం ఈ సంస్థ వ్యాపారంలోనూ కనిపిస్తుంది.

బొమ్మ రైళ్ళు

బొమ్మ రైళ్ళను హార్న్‌బీ కనిపెట్టలేదు. జర్మనీకి చెందిన మార్క్‌లిన్ సంస్థ 1891లో లీప్‌జిగ్ సంతలో పట్టాలతో కూడిన రైలు బొమ్మను ప్రదర్శించి, ప్రామాణిక గేజిలకు దారితీసింది. గేజి అనగా రెండు పట్టాల మధ్య దూరం. ఇంగ్లాండులో బాసెట్-లోక్ అనే వ్యాపారి జర్మనీలోని బింగ్ సంస్థ చేత బ్రిటిష్ నమూనా రైళ్ళు తయారు చేయించి అమ్మేవాడు. అవి నాణ్యమైనవే కాని ఖరీదైనవి. భారతదేశంలో గ్వాలియర్ మహారాజు భోజనబల్లపై అతిథులకు పానీయాలు అందించే వెండి రైలు ఆ కాలపు రాజవైభవానికి ప్రసిద్ధ ఉదాహరణ.

మొదటి ప్రపంచ యుద్ధం (1914–1918) కారణంగా జర్మనీ బొమ్మల దిగుమతి ఆగిపోయింది. యుద్ధానంతరం కూడా జర్మనీ వస్తువులపై బ్రిటిష్ ప్రజలలో విముఖత ఉండేది. ఈ ఖాళీని గుర్తించి హార్న్‌బీ 1920లో తన పేరుతో తొలి రైళ్ళను విడుదల చేశాడు. ఇవి 32 మి.మీ. దూరం గల ఓ గేజి పట్టాలపై నడిచేవి. తాళంచెవితో కీ ఇస్తే లోపలి స్ప్రింగు బిగుసుకుని, అది విప్పారుతున్నంతసేపు ఇంజను పరుగెత్తేది. నాటి రైల్వే కంపెనీలను బట్టి ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రంగులలో ఇవి లభించేవి. మెకానో వలెనే తొలి ఇంజన్లను, పెట్టెలను నట్లు, బోల్టులతో బిగించారు. పిల్లలు వాటిని విప్పి మళ్ళీ కూర్చవచ్చు. విరిగిన భాగాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

1925లో లండన్ మెట్రోపాలిటన్ రైల్వే ఇంజను నమూనాతో తొలి విద్యుత్ రైలు వచ్చింది. మొదట్లో దీనిని ఇంటి విద్యుత్తుకే, మధ్యలో ఒక దీపాన్ని అడ్డుపెట్టి, కలిపే ఏర్పాటు ఉండేది. పిల్లల చేతికి తగిలే పట్టాలలో అంత విద్యుత్తు ఉండడం ప్రమాదకరం కనుక తరువాతి కాలంలో తక్కువ వోల్టేజి, ట్రాన్స్‌ఫార్మర్లు వాడుకలోకి వచ్చాయి.

రైలు ఒక్కటే ఉంటే ఆట త్వరగా విసుగు కలిగిస్తుంది. అందువలన స్టేషన్లు, సిగ్నళ్ళు, సొరంగాలు, గూడ్సు పెట్టెలు, పట్టాలు మార్చే పాయింట్లు ఒక్కొక్కటిగా అమ్మకానికి వచ్చాయి. 1928లో హార్న్‌బీ రైల్వే కంపెనీ అనే పిల్లల సంఘం మొదలయింది. నిజమైన రైల్వేలో వలె వేళాపట్టిక ప్రకారం రైళ్ళు నడపడం, సరకులు చేరవేయడం ఇందులో నేర్పేవారు. రైలును గుండ్రంగా తిప్పడంతో సరిపెట్టుకోకుండా ఒక చిన్న రైల్వే వ్యవస్థను నిర్వహించడం అనే భావన ఈ విధంగా వ్యాపించింది. నమూనా రైళ్ళ అభిరుచికి నేటికీ ఇదే పునాది.

విదేశీ శాఖలు, డింకీ టాయ్స్

యుద్ధానికి పూర్వమే పారిస్, బెర్లిన్ నగరాలలో మెకానో శాఖలు ఏర్పడ్డాయి. యుద్ధంతో బెర్లిన్ శాఖ చేజారిపోయింది. 1922లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కర్మాగారం ప్రారంభించినా, అక్కడ గిల్బర్ట్ సంస్థ తయారు చేసే ఎరెక్టర్ బొమ్మతో గట్టి పోటీ ఎదురైంది. ఆ దశకం చివరలో అమెరికా వ్యాపారం గిల్బర్ట్ చేతికే వెళ్ళిపోయింది.

బొమ్మ రైలుస్టేషన్ల ప్రక్కన ఉంచడానికి చిన్న మనుషులు, వాహనాలు కావలసి వచ్చాయి. వీటిని 'మోడల్డ్ మినియేచర్స్' అనే పేరుతో పోతపోసి అమ్మారు. ఈ వాహనాలే 1934లో డింకీ టాయ్స్‌గా పేరు మార్చుకుని స్వతంత్రంగా ప్రసిద్ధి పొందాయి.

రాజకీయ జీవితము, మరణము

1931 సాధారణ ఎన్నికలలో కన్సర్వేటివ్ పార్టీ తరఫున లివర్‌పూల్‌లోని ఎవర్టన్ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. సంస్థ రోజువారీ నిర్వహణను సహచరులకు అప్పగించాడు. ఆరోగ్యం క్షీణించడంతో 1935 ఎన్నికలలో పోటీ చేయలేదు. గుండెజబ్బు, మధుమేహములతో బాధపడుతూ సెప్టెంబర్ 21, 1936న తన 73వ ఏట మరణించాడు. లివర్‌పూల్ సమీపంలోని మఘల్ పట్టణపు సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో ఈయన సమాధి ఉన్నది. పెద్ద కుమారుడు రోలాండ్ సంస్థ అధ్యక్ష బాధ్యతలు చేపట్టాడు.

హార్న్‌బీ తరువాత

1938లో 'హార్న్‌బీ డబ్లో' అనే పేరుతో ఓఓ పరిమాణపు రైళ్ళు వచ్చాయి. ఓ గేజి రైలు కోసం ఒక గది నేల మొత్తం కావలసి ఉండగా, డబ్లో రైలును భోజనబల్లపైనే నడపవచ్చు. చిన్న ఇళ్ళలో నివసించే వారికి ఈ అభిరుచి అందుబాటులోకి రావడంలో ఇది పెద్ద మలుపు.

1950ల నాటికి ప్లాస్టిక్ బొమ్మలు చవకగా రాసాగాయి. లోహపు రైళ్ళనే నమ్ముకున్న మెకానో సంస్థ మార్పుకు ఆలస్యంగా సిద్ధపడింది. మూడు పట్టాల విధానాన్ని వదలి రెండు పట్టాల విధానానికి 1959లో మాత్రమే మారింది. 1964లో పోటీదారు అయిన లైన్స్ బ్రదర్స్ ఈ సంస్థను కొనుగోలు చేసింది. 1971లో లైన్స్ బ్రదర్స్ కూడా కుప్పకూలింది. 1979లో బిన్స్ రోడ్డు కర్మాగారం మూతబడింది. హార్న్‌బీ పేరుతో రైళ్ళ వ్యాపారం మాత్రం ఇంగ్లాండు ఆగ్నేయ తీరంలోని మార్గేట్ కేంద్రంగా కొనసాగింది.

మెకానో ప్రభావం ఆటకే పరిమితం కాలేదు. 1934లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ మెకానో భాగాలతో అవకలన సమీకరణాలను సాధించే గణన యంత్రాన్ని నిర్మించారు.

కొలతలు: తెలుగు ప్రాంతపు ఉదాహరణలు

నమూనా రైళ్ళ అభిరుచిలో మొదట తెలుసుకోవలసినవి రెండు. ఒకటి స్కేలు, అనగా నిజమైన వస్తువుకు నమూనా ఎన్నవ వంతు అనేది. రెండవది గేజి. ప్రపంచంలో ఎక్కువ ప్రచారంలో ఉన్న హెచ్‌ఓ నమూనాలు అసలులో 87వ వంతు ఉంటాయి. బ్రిటన్‌లోని ఓఓ నమూనాలు 76వ వంతు ఉంటాయి. రెండింటికీ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మాత్రమే. బ్రిటిష్ ఇంజన్లు ఐరోపా ఇంజన్ల కంటె ఇరుకైనవి. ఆనాటి విద్యుత్ మోటార్లు 87వ వంతు ఇంజనులో పట్టకపోవడంతో ఇంజనును కొంచెం పెద్దది చేసి, పట్టాలను మార్చకుండా వదిలారు. అంతకంటె చిన్నదైన ఎన్ గేజిలో పట్టాల మధ్య దూరం 9 మి.మీ.

ఈ లెక్కను సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పరిసరాల పట్టాలతో సులభంగా పోల్చి చూడవచ్చు. పటాన్‌చెరు నుండి హైదరాబాదు వెళ్ళే దారిలో రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం దాటిన తరువాత లింగంపల్లి రైల్వే స్టేషను ఉన్నది. ఇది నిజాం రాజ్యంలో 1874లో ప్రారంభమైన సికింద్రాబాదు–వాడి మార్గంలోనిది. అప్పటికి హార్న్‌బీ పదకొండేళ్ళ బాలుడు. ఈ మార్గం బ్రాడ్‌గేజి, అనగా పట్టాల మధ్య 1,676 మి.మీ. దూరం ఉంటుంది. దీనిని 87తో భాగిస్తే సుమారు 19.3 మి.మీ. వస్తుంది. అందువలన హెచ్‌ఓ పట్టాలపై నడిచే భారతీయ బ్రాడ్‌గేజి నమూనా కొలతలో కచ్చితమైనది కాదు. పట్టాలు దాదాపు 3 మి.మీ. ఇరుకుగా ఉంటాయి.

అదే దారిలో ఇంకొంత ముందుకు వెళితే మియాపూర్ వద్ద 2017లో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో మొదలవుతుంది. దీని గేజి 1,435 మి.మీ. దీనిని 87తో భాగిస్తే దాదాపు 16.5 మి.మీ. వస్తుంది. కనుక మెట్రో రైలు నమూనాను హెచ్‌ఓ పట్టాలపై ఏ సవరణా లేకుండా నడపవచ్చు. మీటరుగేజి మార్గాల నమూనాలకు 12 మి.మీ. పట్టాలు వాడతారు. ఇటువంటి లెక్కలు వేసుకోవడమే ఈ అభిరుచిలో తొలి మెట్టు.

అభిరుచిని ప్రారంభించు విధానము

కొత్తవారు సాధారణంగా ఒక ఇంజను, రెండు మూడు పెట్టెలు, కోడిగుడ్డు ఆకారంలో అమరే పట్టాలు, విద్యుత్ కంట్రోలరు కలిసిన ప్రారంభ పెట్టెతో మొదలుపెడతారు. ఓఓ లేదా హెచ్‌ఓ పరిమాణానికి సుమారు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ బల్ల సరిపోతుంది. స్థలం తక్కువైనవారు ఎన్ గేజిని ఎంచుకుంటారు. మామూలు రైళ్ళకు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు వాడతారు. ఒక పట్టా నుండి మోటారుకు చేరిన విద్యుత్తు రెండవ పట్టా ద్వారా వెనుకకు వెళుతుంది. విద్యుత్తు దిశ మారిస్తే రైలు వెనుకకు నడుస్తుంది.

దుమ్ము ఈ అభిరుచికి పెద్ద శత్రువు. పట్టాలపై, చక్రాలపై మురికి పేరుకుంటే విద్యుత్తు అందక ఇంజను కుదుపులతో నడుస్తుంది లేదా ఆగిపోతుంది. కనుక పట్టాలను తరచు తుడవడం, వాడనప్పుడు కప్పి ఉంచడం అవసరం. పరికరాలు ఖరీదైనవి కాబట్టి ఒకేసారి అన్నీ కొనకుండా, మొదటి వలయం సాఫీగా నడిచిన తరువాత పాయింట్లు, ప్రక్క మార్గాలు, స్టేషను చేర్చుకోవడం మేలు. ఇళ్ళు, కొండలు, చెట్లు అట్టముక్కలు, థర్మాకోల్, రంపపు పొట్టు వంటి చవక వస్తువులతో ఇంటిలోనే తయారు చేసుకోవచ్చు.

భారతదేశంలో నమూనా రైళ్ళను చూడగోరేవారికి పుణె నగరంలోని జోషీ సూక్ష్మ రైల్వేల మ్యూజియం ప్రసిద్ధమైనది. ఇది 1998లో ప్రారంభమైంది.

ప్రాముఖ్యత

హార్న్‌బీ కంటె ముందే బొమ్మ రైళ్ళు ఉన్నాయి. ఆయన వాటికంటె అందమైన రైలును తయారు చేశాడని కూడా చెప్పలేము. పిల్లవాడు విప్పి చూడగలిగే, బాగుచేసుకోగలిగే, పెంచుకోగలిగే వస్తువుగా బొమ్మను మార్చడం ఆయన ప్రత్యేకత. సాంకేతిక విద్య లేని ఒక గుమాస్తా తన పిల్లల కోసం చేసిన రేకుపట్టీల నుండి, అనేక తరాల పిల్లలు యంత్రాలతో తొలి పరిచయం పొందారు. చిన్నగా మొదలుపెట్టి కొలత తప్పకుండా చేర్చుకుంటూ పోవడం అనే ఆయన పద్ధతిని నమూనా రైళ్ళ అభిరుచిగలవారు ఇప్పటికీ అనుసరిస్తున్నారు.